పాత సూట్‌కి మంచి టై చాలా? టైలర్ దగ్గరికి వెళ్ళాల్సిందేనా?

ద్వారకానగర్ కుర్రాడు: పెళ్ళికి కుట్టించుకున్న నేవీ బ్లూ సూట్ బీరువాలో ఉంది. వచ్చే నెల బీచ్ రోడ్డులో కొలీగ్ రిసెప్షన్. మా ఆవిడేమో "రెండు మంచి టైలు కొనుక్కోండి, సూట్ పాతదని ఎవరికీ తెలీదు" అంటోంది. బావమరిదేమో "ఆ డబ్బు టైలర్‌కిచ్చి సైజు చేయించుకో బావా" అంటున్నాడు. ఇంట్లో ఇదే పంచాయితీ. మీరేమంటారు?

గాజువాక గురూ: వైజాగ్ ఉక్కపోతలో సూటే ఎక్కువ, మళ్ళీ టై కూడానా! చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళండి, చాలు.

డాబా గార్డెన్స్ టైలర్: నేను మీ బావమరిది వైపే. వ్యాపారం కోసం చెబుతున్నాననుకున్నా ఫర్వాలేదు. సూట్ వయసు బయటపడేది మోచేతుల దగ్గర, ప్యాంటు సీటు దగ్గర. ఉన్ని గుడ్డ రాపిడికి, ఇస్త్రీ వేడికి నిగనిగలాడుతుంది. ఏ టై కట్టినా ఆ మెరుపు దాగదు. నడుము, చేతుల పొడవు సరిచేస్తాం. భుజం జోలికి మాత్రం వెళ్ళం, చేతులు ఊడదీసి మళ్ళీ కుట్టాలి, డబ్బు దండగ. అద్దం ముందు నిలబడి భుజం కుట్టు ఎక్కడ ఆగిందో చూసుకోండి. ఎముక దాటి కిందికి జారితే ఇక టై ఏం చేస్తుంది, నేనేం చేస్తాను?

రిటైర్డ్ నేవీ: మాస్టారూ, భుజం మాట ఒప్పుకుంటా. కానీ ఎదుటివాళ్ళ కళ్ళు ముందు పడేది మెడ కింద జానెడు మేరే. అక్కడ బాగుంటే మోచెయ్యి ఎవరు చూస్తారు? కుర్రాడూ, ముందు లాపెల్‌కి, అదే కోటు కాలర్ కింద ఛాతీ మీద ఉండే మడతకి, స్కేలు పెట్టి కొలవండి. టై బాగా వెడల్పున్న చోట ఆ కొలతకి దగ్గరగా ఉండాలి. 8 సెంటీమీటర్ల లాపెల్ మీద 5 సెంటీమీటర్ల సన్న టై కడితే సూట్ అరువు తెచ్చుకున్నట్టుంటుంది. రంగు మెరూన్ గానీ ముదురు ఆకుపచ్చ గానీ. తళతళలాడే పాలియెస్టర్ వద్దు, నేత కంటికి కనిపించే పట్టు తీసుకోండి. ముడి కింద చిన్న గుంట పడేలా వేలితో నొక్కి బిగించండి. కొస బెల్టు బకిల్‌ని తాకాలి. ఇంటికొచ్చాక ముడి విప్పండి మహాప్రభో! ముడితోనే తలమీంచి తీసి హ్యాంగర్‌కి తగిలించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సీతమ్మధార అక్క: అసలు కొనడం దేనికి? కుట్టించని పట్టు జాకెట్ ముక్కలు బీరువాలో పడుంటాయి కదా. ఉప్పాడ పట్టు ముక్కతో మావారికి టై కుట్టించాను. సూట్ పాతదే, అందరూ అడిగింది మాత్రం టై గురించే.

డాబా గార్డెన్స్ టైలర్: ఎవరు కుట్టారోగానీ పని తెలిసినవాళ్ళే అక్కా. గుడ్డని నిలువునా కత్తిరిస్తే టై మెలి తిరిగిపోతుంది, క్రాస్‌లో, అంటే ఐమూలగా కత్తిరించాలి. టై పొడవు దాదాపు మీటరున్నర, అందుకే మూడు ముక్కలుగా అతకాలి. అతుకని చిన్నచూపు చూడకండి, 1924లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇది. లోపల మెత్తటి ఉన్ని పట్టీ వెయ్యాలి. కాలర్‌కి వేసే బక్రం లాంటి గట్టి గుడ్డ వేస్తే ముడి సరిగ్గా పడదు.

గాజువాక గురూ: జరీ మెడకి గుచ్చుకోదా?

డాబా గార్డెన్స్ టైలర్: టై ఉండేది చొక్కా కాలర్ మీద బాబూ, మెడకి తగలదు. కానీ ముడి పడేచోట జరీ నలిగి చిట్లుతుంది. అంచు వదిలేసి ఒంటి రంగు భాగం వాడుకోండి.

ద్వారకానగర్ కుర్రాడు: భుజం సరిగ్గానే ఉంది. లాపెల్ 8.5. మోచేతులు కొద్దిగా మెరుస్తున్నాయి. ప్యాంటు బొత్తాం మాత్రం పడట్లేదు. ఈ సంగతి బావమరిదికి చెప్పను.