సమస్యాపూరణం: మీసమున్న కృష్ణ మెప్పుఁ గాంచె

నిర్వాహకుడు (తిరుపతి):

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

మీసమున్న కృష్ణ మెప్పుఁ గాంచె

ఇది మా ఇంటి గొడవలోంచి పుట్టింది. హ్యారీ పాటర్ కథల కొత్త ధారావాహికలో మాంత్రికుల బడి గురువు స్నేప్ వేషం పాపా ఎసియేడుకు ఇచ్చినట్టు 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. పుస్తకంలో పాలిపోయిన ముఖమని రాసి ఉంటే నల్లజాతి నటుణ్ణి ఎలా పెడతారని పుత్తూరులో మా మేనల్లుడు అప్పటి నుంచీ అన్నం మీద అలుగుతున్నాడు. మా నాన్న విని నవ్వారు. ఎన్టీఆర్ 1954లో ‘ఇద్దరు పెళ్ళాలు’లో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. కె.వి.రెడ్డి మళ్లీ ఆ వేషమే వేయమంటే ఆయన వెనుకాడారు. 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఆ తర్వాత దేవుడి గదిలో పటానికీ, తెర మీది ముఖానికీ తేడా తెలియకుండా పోయింది.

నియమం ఒక్కటే. మీసం ఎందుకుందో, మెప్పు ఎందుకు వచ్చిందో రెండూ తేలాలి. కృష్ణ అనగానే నెమలి పింఛమొక్కటే వెతుక్కోకండి.

పాకాల ప్యాసింజరు:

పొద్దు వాలు దాఁక పొలము దున్నిన రైతు
చీరఁ గట్టి యేడ్వఁ జెమ్మగిల్లెఁ
జూచువారి కనులు, జోరు చప్పట్లతో
మీసమున్న కృష్ణ మెప్పుఁ గాంచె.

చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్లలో భారతం జరిగే ఎండాకాలం గుర్తొచ్చి రాశాను. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజు జనం ఒకెత్తు, ద్రౌపది వస్త్రాపహరణం రాత్రి జనం ఒకెత్తు. నా చిన్నతనంలో మా వైపు ద్రౌపది వేషం కట్టినాయనకు మీసం తీసే అలవాటు లేదు. పైట చెంగు మూతికి అడ్డం పెట్టుకునేవాడు. ‘అన్నా కృష్ణా’ అని రెండు చేతులూ పైకెత్తే చోట చెంగు జారిపోయేది. ఒక్కరూ నవ్వలేదు. మా నాయనమ్మ ఆయన కాళ్లకు మొక్కేది. మర్నాడు అదే మనిషి కొట్టు దగ్గర బీడీ అడిగితే మాత్రం పేరు పెట్టి పిలిచేది.

నిర్వాహకుడు:

కృష్ణ అంటే ద్రౌపది అని పట్టుకున్నారు, సమస్య సగం అక్కడే విడిపోయింది. ‘చీరఁ గట్టి యేడ్వ’ అన్నప్పుడు ఆ రాత్రి కథంతా కళ్ల ముందుకు వస్తుంది. ‘జోరు’ ఒక్కటే పంటి కింద రాయి. మిగతా పద్యం దేశిగా నడుస్తుంటే అది పరాయి మాట.

పాకాల ప్యాసింజరు:

ఆ చప్పట్లు వినలేదు కాబట్టి అంటున్నారు. జోరు తీయను.

గాలిగోపురం:

తెరను ధర్మరాజు తిట్లపాలై పోయెఁ
బటములోన లేని పగిది దోఁచి;
నాథు మోముపైన నల్లగా నొత్తుగా
మీసమున్న, కృష్ణ మెప్పుఁ గాంచె.

కామా దగ్గర విరిచాను. మీసం మొగుడిది, మెప్పు పెళ్లాంది. 2023లో ‘ఆదిపురుష్’లో రాఘవుడి మీసం మీద జరిగిన రచ్చ మీకు గుర్తుండే ఉంటుంది.

పాకాల ప్యాసింజరు:

విరుపు బాగుంది అమ్మా. ‘ఉన్న’ను ‘ఉన్నను’ అని చదువుకోవాలి, అది కాస్త సాగదీత. పైగా కృష్ణ ఏం చేసి మెప్పు పొందిందో చెప్పలేదు. మొగుణ్ణి తిట్టినంత మాత్రాన పెళ్లానికి పేరు రాదు.

గాలిగోపురం:

మా వీధిలో వస్తుంది! సరే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పాలి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే ఘట్టం చూడండి. సావిత్రి ముఖాన వెంట్రుక లేదు. ఆ నడకలో, ఆ చూపులో ఎస్వీ రంగారావు మీసం కనబడుతుంది. వేషానికి మనిషిని ఎంచడమంటే ఇలా సమస్య ఇవ్వడమే. పాదం అడ్డదిడ్డంగానే ఉంటుంది, పూరించే బాధ్యత నటులది. మనం పాదం వినగానే రాళ్లు ఏరుకుంటున్నాం.

నిర్వాహకుడు:

ఆ మాటకు పద్యంలోని లోటు మాఫీ.

కపిలతీర్థం:

నల్ల పిల్లి పేరు నా యింటిలోఁ గృష్ణ;
పాలగిన్నెఁ దాఁక బామ్మ నవ్వె;
మూతినిండ వెన్న ముద్దలు మెఱయంగ
మీసమున్న కృష్ణ మెప్పుఁ గాంచె.

నిర్వాహకుడు:

విషయం వదిలేసి పిల్లిని తెచ్చారు. అయినా రెండుసార్లు చదివాను. పాలగిన్నెలో వెన్న ఎక్కడిదండీ? ‘వెన్న’ తీసి ‘నురుగు’ పెట్టండి, గణం చెడదు.

కపిలతీర్థం:

నురుగు పెడితే పిల్లి మిగులుతుంది, కృష్ణుడు పోతాడు. ఆ వేషం మా పిల్లికి నేనే ఇచ్చాను, మార్చను.

పుత్తూరు పిల్లకవి:

మామయ్యా, ఇంటి గొడవను వీధికెక్కించావు. ఇదిగో నా పద్యం.

పుస్తకమ్ములోని పోలిక లేదంచు
అలిగె మొదట జనము చూడగానె
కరగి మ్రొక్కెఁ దుదకు, గంభీర నటనకు
మీసమున్న కృష్ణ మెప్పుఁ గాంచె.

నిర్వాహకుడు:

రెండో పాదంలో యతి విరిగిందిరా. ‘అ’కు ‘చూ’కు మైత్రి లేదు, ప్రాసయతీ కుదరదు. ఎముక విరిగితే ఊరూరి నుంచి మీ పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వస్తారు, నువ్వేమో విరిగినదాన్ని ఇక్కడికి మోసుకొచ్చావు. ఇలా కట్టుకో:

అలిగె మొదట జగమె, యాట చూడఁ
గరగి మ్రొక్కెఁ దుదకు...

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. మీసం బదులు అక్కడ ఏ మాట పెట్టినా నీ పద్యం నిలుస్తుంది. అంటే సమస్యను పూరించలేదు, పక్క నుంచి దాటిపోయావు.

గాలిగోపురం:

అలిగి కరిగినవాళ్లు పద్యంలోనే కాదు, బయటా ఉన్నారు బాబూ. ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’లో టామ్ క్రూజ్ వద్దని రచయిత్రి ఆన్ రైస్ బహిరంగంగా గోల చేసింది. 1994లో సినిమా చూశాక ఆవిడే మెచ్చుకుంటూ పత్రికలో ప్రకటన వేయించింది. ఆవిడ కోపం కనీసం నిర్మాతల మీద. 2022లో పెర్సీ జాక్సన్ ధారావాహికలో అన్నాబెత్ వేషానికి నల్లజాతి పిల్ల లియా జెఫ్రీస్‌ను తీసుకుంటే తిట్లన్నీ ఆ పన్నెండేళ్ల పిల్ల మీద పడ్డాయి. కథ రాసిన రిక్ రియోర్డనే ఆమె పక్షాన నిలబడి రాయవలసి వచ్చింది.

పుత్తూరు పిల్లకవి:

పిల్లను తిట్టడం తప్పే అక్కా, నేను ఎవరినీ తిట్టలేదు. నా అభ్యంతరం వేరు. బడిలో చదువుకునే రోజుల్లో స్నేప్‌ను హ్యారీ తండ్రి జేమ్స్ ముఠా వెంటాడి ఏడిపిస్తుంది. ఇప్పుడు ఆ తెల్లపిల్లలు ఒక నల్లపిల్లవాణ్ణి తలకిందులుగా వేలాడదీస్తే కథ అర్థమే మారుతుంది కదా? రచయిత అనుకోని రంగు పడుతుంది.

పాకాల ప్యాసింజరు:

ఇది అలక కాదు, విమర్శ. దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ద్రౌపది మీసం కథను మార్చలేదు. నువ్వు చెప్పేది మార్చేలాగే ఉంది. ఆట చూశాక మాట్లాడదాం.

నిర్వాహకుడు:

ఇంత బాగా వాదించేవాడివి పద్యంలో మీసాన్ని ఎందుకు వదిలేశావురా?

పుత్తూరు పిల్లకవి:

రేపు సాయంత్రంలోగా పెడతాను మామయ్యా. ‘మ్రొక్కె’ ముందు ‘గి’ గురువవుతుందా, కాదా? అది ముందు చెప్పు.

నిర్వాహకుడు:

కాదు. అది తెలుగు మాట, పైగా వేరే పదం. పడుకో.