వేట నిషేధం తర్వాత ఇంజనుకు డీజిల్ అందడం లేదు: లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మరబోటు యజమాని, కాకినాడ

అందరికీ నమస్కారం. మాది ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉన్న చెక్క మరబోటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ 61 రోజులూ బోటును జెట్టీ దగ్గరే కట్టి ఉంచాం. ట్యాంకులో సగానికి తక్కువగా పాత డీజిల్ ఉండిపోయింది. దాని మీదే కొత్తది పోయించి వేటకు బయలుదేరాం. కాలువలో నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కాలువ సముద్రంలో కలిసే మొగ దాటి అలల్లో పడి, వేగం పెంచిన కొంతసేపటికి ఇంజను చప్పుడు మారి, వేగం దానంతట అదే పడిపోతోంది. వల లాగేటప్పుడైతే పూర్తిగా ఆగిపోతోంది. కాసేపు ఆపి ఉంచి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడిచి, తర్వాత మళ్లీ మొదటికి వస్తోంది. రెండు ఫిల్టర్లూ మార్చాం, ఫలితం లేదు. ఇంజెక్టర్లు, డీజిల్ పంపు విప్పి సర్వీసుకు పంపాలని మెకానిక్ అంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు మేమే చూసుకోదగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: డీజిల్ మెకానిక్, విశాఖపట్నం

పంపు మీద ఇప్పుడే చెయ్యి వేయనివ్వకండి. అరిగిన పంపు పావుగంట విశ్రాంతి ఇస్తే బాగుపడదు. మీరు రాసినవాటిలో అన్నిటికన్నా విలువైన ఆధారం, ఆపి ఉంచితే మళ్లీ నడవడమే. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అలల ఊపుకు పైకి లేచి, డీజిల్ పీల్చే గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజను ఆగి పీల్పు తగ్గగానే ఊడి కిందికి జారిపోతుంది. కాలువలో నీరు నిలకడగా ఉంటుంది, ఇంజను తాగే డీజిల్ కూడా తక్కువ, అందుకే అక్కడ లోపం బయటపడలేదని నా అనుమానం.

అయితే వేగం పడిపోయేటప్పుడు పొగ ఎలా వస్తోందో ముందు చెప్పండి. నల్లటి పొగ దట్టంగా వస్తుంటే అది డీజిల్ అందకపోవడం కాదు. ఇంజను మీద భారం ఎక్కువైనట్టు, లేదా గాలి చాలనట్టు. రెండు నెలలు కట్టేసిన బోటుకు బోటును నడిపే నీటి అడుగు ఫ్యాను రెక్కల మీద గుల్లలు పట్టినా, తెగిన వల ముక్క షాఫ్టుకు చుట్టుకున్నా అలాగే ఉంటుంది. డీజిల్ చాలని ఇంజను నల్లపొగ వదలదు.

పొగ లేకపోతే ఒక పరీక్ష చేయండి. శుభ్రమైన డబ్బాలో కొత్త డీజిల్ పోసి, అందులోంచి ఒక గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) నోటికి బిగించండి. రిటర్న్ గొట్టాన్ని కూడా ఆ డబ్బాలోకే మళ్లించాలి, లేకపోతే ఇంజను కాల్చని డీజిలంతా ట్యాంకులోకి పోయి డబ్బా చూస్తుండగానే ఖాళీ అవుతుంది. దాని మీద ఇంజను పూర్తి భారంతో చక్కగా నడిస్తే ఫీడ్ పంపుకు, డీజిల్ పంపుకు, ఇంజెక్టర్లకు దోషం లేనట్టే. లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది.

జవాబు: బోటు డ్రైవరు, మచిలీపట్నం

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక సవరణ. డబ్బాను ఇంజను కంటే ఎత్తులో వేలాడదీస్తే డీజిల్ తన బరువుతోనే దిగి వస్తుంది కాబట్టి, ఫీడ్ పంపు బలహీనంగా ఉన్నా ఆ లోపం దాగిపోతుంది. డబ్బా మట్టం మీ ట్యాంకు మట్టానికి సమానంగా ఉండేలా చూసుకోండి. పరీక్షను హార్బరు లోపలే, పక్కన ఇంకో బోటును ఉంచుకుని చేయడం మంచిది.

ట్యాంకు గాలి గొట్టం సంగతి కూడా చూడండి. దాని మూతి ఉప్పుతోనో, పెయింటుతోనో, పురుగు గూడుతోనో మూసుకుపోతే ట్యాంకులో గాలి వెలితి ఏర్పడి, డీజిల్ రావడానికి మొరాయిస్తుంది. వేగం పడిపోతున్న సమయంలోనే ట్యాంకు మూత విప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజను వెంటనే తేరుకుంటే కారణం దొరికినట్టే.

మరొకటి, చాలామంది పొరబడేది. ఫీడ్ పంపుకు ముందున్న గొట్టంలో సందు ఉంటే అక్కడ చుక్క డీజిల్ కూడా కారకపోవచ్చు, ఎందుకంటే ఇంజను నడుస్తుండగా ఆ సందులోంచి గాలే లోపలికి వెళ్తుంది. ఎక్కడా కారడం లేదు కాబట్టి జాయింట్లు బాగున్నాయని అనుకోకండి. ఫిల్టరు మీది గాలి తీసే స్క్రూను వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే మీట) కొడుతూ చూడండి: నురగ కాసేపటికి తగ్గి డీజిల్ తెరలా, బుడగ లేకుండా వస్తే సరే, ఎంత కొట్టినా సన్నటి బుడగలు వస్తూనే ఉంటే గాలి పీలుస్తోందని అర్థం. ఫిల్టర్లు ఈమధ్యే మార్చారు కాబట్టి వాటి రబ్బరు రింగులను, గొట్టాలను బిగించే బోలు బోల్టుల (బంజో బోల్టుల) కింది రాగి వాషర్లను ముందు అనుమానించాలి. పాత వాషరునే మళ్లీ వేసి బలంగా బిగించడం మన దగ్గర అలవాటు. ఆ జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. దాని పోగులు ఊడి లోపలికి పోతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నల్లపొగ లేదు. మూత విప్పినా తేడా కనిపించలేదు, ప్రైమర్ కొడితే బుడగలు త్వరగానే ఆగిపోయాయి. డబ్బా మట్టం మీరు చెప్పినట్టే పెట్టి నడిపితే ఇంజను పూర్తి వేగంలో కూడా తడబడలేదు. ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం పట్టి ఉంచితే, అడుగున రెండు వేళ్ల మందాన నీరు, నీటికీ డీజిల్‌కూ మధ్య జిగటగా నల్లటి పొర తేలాయి. క్రిములను చంపే మందు పోస్తే ఆ పొర పోతుందని ఇక్కడ కొందరు అంటున్నారు. ఆ ఒక్కటీ చేస్తే చాలా?

జవాబు: డీజిల్ మెకానిక్, విశాఖపట్నం

చాలదు. ఖాళీ ఉన్న ట్యాంకులోని తేమ గాలి రాత్రి చల్లబడి గోడలకు నీరు పడుతుంది. డీజిల్ కంటే బరువైనది కాబట్టి ఆ నీరు అడుక్కి చేరుతుంది. క్రిములు ఆ నీటి పైపొరలో బతుకుతూ పక్కనున్న డీజిల్‌ను తింటాయి. మీరు చూసిన జిగట అదే. ఇప్పుడు మందు పోస్తే అవి చచ్చి, గోడలకు పట్టిన మడ్డి ముక్కలుగా రాలి, ఫిల్టర్లు మరింత త్వరగా మూసుకుపోతాయి. ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మనిషి చెయ్యి పట్టే మూత విప్పి, పీల్చే గొట్టాన్ని బయటికి తీసి, లోపల గుడ్డతో తుడిపించండి. మందు ఆ తర్వాత, సీసా మీద రాసిన కొలత ప్రకారమే. తీసిన డీజిల్‌ను తేర్చినా బోటులో మళ్లీ పోయవద్దు.

గొట్టం తిరిగి బిగించేటప్పుడు దాని మూతి ట్యాంకు అడుగుకు ఆనకుండా, ఒక అంగుళం పైన ఉండాలి. మొదటి ఫిల్టరుకూ ఫీడ్ పంపుకూ మధ్య పీల్పు ఎంత ఉందో ముల్లుతో చూపే ఒక వాక్యూమ్ గేజి పెట్టించుకోండి; కొత్త ఫిల్టరుతో పూర్తి వేగంలో ముల్లు ఎక్కడ నిలుస్తుందో పెయింటుతో గుర్తు పెట్టుకుంటే, తర్వాత ముల్లు ఆ గుర్తు దాటి ఎక్కడం మొదలవగానే ఫిల్టరు మూసుకుంటోందని ఇంజను ఆగకముందే తెలుస్తుంది. మొదటి రెండు వేటలకు అదనంగా రెండు జతల ఫిల్టర్లు బోటులో ఉంచండి, మిగిలిన మడ్డి అప్పుడే వచ్చి చేరుతుంది. వచ్చే ఏప్రిల్‌లో బోటు కట్టే ముందు ట్యాంకు నిండుగా పోయించండి.