‘ట్రీటీ’కి తెలుగు మాట ఏది? సంధి, ఒప్పందం, ఒడంబడిక

ఎడ్మంటన్ నుంచి ప్రశ్న:

కెనడాలోని మా తెలుగు సంఘం ఉగాది సభ మొదట్లో, మనం ఎవరి నేల మీద ఉన్నామో చెప్పే నాలుగు మాటలు ఇన్నాళ్లూ ఇంగ్లీషులోనే చదువుతున్నారు. ఈసారి తెలుగులో చదవాలని సంఘం నిర్ణయం. ముసాయిదా ఇది: “మేమంతా ఆరవ సంధి భూమిలో నివసిస్తున్నాము. ఈ భూమిని మనకిచ్చిన గిరిజన తెగలకు కృతజ్ఞతలు.” ఎక్కడో తేడా కొడుతోంది. ‘ట్రీటీ’కి సంధి సరిపోతుందా? ట్రీటీ ఇక్కడున్న అందరిదీ అన్న అర్థంలో ఇక్కడ అందరూ అనే “వుయ్ ఆర్ ఆల్ ట్రీటీ పీపుల్” అన్న మాటను తెలుగులో ఎలా అనాలి? చివర్లో శాసనాల్లోని “స్వదత్తాద్ద్విగుణం పుణ్యం” శ్లోకం చదవమని ఒక పెద్దాయన సలహా. అది ఇక్కడ అతుకుతుందా?

రాజమహేంద్రవరం:

‘సంధి’ వద్దండి. కయ్యానికి దిగినవాళ్లు, లేదా దిగబోయేవాళ్లు, రాజీపడితే సంధి. రాయబార పద్యాలు విన్న చెవికి ఇంకో అర్థం తోచదు. 1876లో ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గరా, ఫోర్ట్ పిట్ దగ్గరా బ్రిటిష్ రాణి పక్షానికీ మూలవాసులకూ మధ్య ఆరవ ట్రీటీ కుదిరినప్పుడు ఓడినవాళ్లూ లేరు, గెలిచినవాళ్లూ లేరు. ‘ఒప్పందం’ తప్పు కాదు గానీ, అద్దె ఒప్పందం, కాంట్రాక్టు ఒప్పందం అని వాడివాడి గడువు తీరితే చెల్లిపోయే కాగితమన్న భావం దానికి అంటుకుంది. బైబిలు అనువాదకులు ‘నిబంధన’ అన్నారు, పాత నిబంధన, కొత్త నిబంధన అని. దైవసాక్షిగా చేసుకున్న ప్రమాణం అన్న బరువు అందులో ఉంది. కానీ ఇవాళ నిబంధన అంటే ‘షరతులు, నిబంధనలు వర్తిస్తాయి’ అన్నదే ముందు గుర్తొస్తుంది. ‘ఒడంబడిక’లో ఒడంబడటం ఉంది. రెండు పక్షాలూ మనసారా ఒప్పుకుంటేనే ఒడంబడినట్టు. నా ఓటు దానికే.

శ్లోకం పూర్తిగా:

స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనమ్
పరదత్తాపహారేణ స్వదత్తం నిష్ఫలం భవేత్

తానిచ్చినదానికంటే ఇతరులిచ్చినదాన్ని కాపాడటం రెండింతల పుణ్యం. ఇతరులిచ్చినదాన్ని లాక్కుంటే తానిచ్చింది కూడా వృథా. దానశాసనాల చివర ఇది ఎందుకుంటుందంటే, చదవవలసింది దానమిచ్చిన రాజు కాదు, ఆ తర్వాత గద్దెనెక్కే రాజు. “ఆ మాట నేనివ్వలేదే” అనబోయేవాడికి ముందే చెప్పిపెట్టిన జవాబు. ఆ ట్రీటీ కుదిరిన చాలా ఏళ్ల తర్వాత కెనడా చేరిన తెలుగువాళ్లు వినదగిన మాటే.

కాల్గరీ:

ఒడంబడికకు నా ఓటు కూడా. శ్లోకంతోనే పేచీ. దానశాసనంలో ఇచ్చేవాడు రాజు. ఇక్కడ ఆ శ్లోకం చదివితే, బ్రిటిష్ రాణి దానం చేసిన భూమిలో ఇక్కడి మూలవాసులైన క్రీ ప్రజలు ఉంటున్నారన్న అర్థం వస్తుంది. జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. నేల వాళ్లది. బ్రిటిష్ రాజు 1763లో చేసిన ప్రకటన కూడా, ఆ జనాలు బహిరంగ సభలో ఒప్పుకుంటే తప్ప వాళ్ల నేలను తీసుకోకూడదనే చెప్పింది. ‘పరదత్తం’ అన్న మాట వాడాలంటే, అక్కడ దత్తమైంది మనం అక్కడ బతికే హక్కు. ఇచ్చినవాళ్లు వాళ్లు. ఈ వివరణ ఇవ్వకుండా శ్లోకం చదవకండి.

ముసాయిదాలోని “మనకిచ్చిన” కూడా అందుకే తీసేయాలి. ఒడంబడిక ఇంగ్లీషు పాఠంలో ‘వదులుకుని, విడిచిపెట్టి, అప్పగించి’ అన్న ధోరణిలో చట్టపు మాటలు వరసగా ఉన్నాయి. ఆరవ, ఏడవ ఒడంబడికల పెద్దలు తరతరాలుగా చెబుతున్నది వేరు. నాగలి దిగినంత లోతు నేలను పంచుకోవడానికి ఒప్పుకున్నాం, అంతే, అంటారు. దుబాసీల నోట ఆ చట్టపు మాటలు ఏ రూపంలో బయటికి వచ్చాయన్నది ఈనాటికీ తేలని తగువు. 1877లో ఏడవ ఒడంబడిక జరిగిన బ్లాక్‌ఫుట్ క్రాసింగ్‌లో బ్లాక్‌ఫుట్, త్సూటినా, స్టోనీ నకోడా మూడూ మూడు వేర్వేరు భాషాకుటుంబాలు. అందుకే కెనడా సుప్రీంకోర్టు 1983లోనే ఒక సూత్రం చెప్పింది: ఒడంబడికలో మాట రెండర్థాలకు తావిస్తే, మూలవాసుల వైపు మొగ్గేలా చదవాలి.

ఆరవ ఒడంబడికలో ఒక మాట భాషాభిమానులు తప్పక చూడాలి, ‘మందుల పెట్టె’. ప్రతి ప్రభుత్వ ఏజెంటు ఇంట్లో మూలవాసుల కోసం మందుల పెట్టె ఒకటి ఉంచాలని రాశారు. 1966లో సస్కాచ్వాన్ అప్పీలు కోర్టు పెట్టె అంటే పెట్టే అంది. క్రీ పెద్దలకు అది వైద్యం చూస్తామన్న హామీ. అదే పాఠంలో సేద్యం చేసే కుటుంబానికి 4 తవ్వుగోళ్లు, 2 పారలు, 3 కుటుంబాలకు ఒక నాగలి, మనిషికి ఏటా 5 డాలర్లు. ఆ 5 డాలర్లు ఇప్పటికీ 5 డాలర్లే. అంకె కాగితంలో బిగుసుకుపోయింది, దాని విలువ కరిగిపోయింది. అక్షరాన్నే పట్టుకుంటే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బ్రాంప్టన్:

ఎడ్మంటన్ పాఠాన్ని అంటారియోలో ఎవరూ కాపీ కొట్టకండి దయచేసి. ఊరు మారితే ఒడంబడిక మారుతుంది, అవతలి పక్షం కూడా మారుతుంది. బ్రాంప్టన్‌ది 1818 నాటి 19వ ఒడంబడిక, 6,48,000 ఎకరాలు, మిస్సిస్సాగాస్ ఆఫ్ ది క్రెడిట్‌తో. టొరంటోది 13వది. దాని 1787 నాటి దస్తావేజు ఖాళీగా ఉందని, పెద్దల గుర్తులు విడి కాగితాల మీద వేయించి అంటించారని తర్వాత బయటపడింది. 1805లో 10 షిల్లింగులకు సుమారు రెండున్నర లక్షల ఎకరాలు ఖాయం చేసుకున్నారు. ఆ లెక్క 2010లో 14.5 కోట్ల డాలర్లతో తేల్చారు. ఇప్పుడు మిస్సిస్సాగాస్ ఉండేది హేగర్స్‌విల్ దగ్గర. టొరంటో సభలో “వారు ఒకప్పుడు ఇక్కడ ఉండేవారు” అని భూతకాలంలో చదివి ఊరుకుంటారే, వాళ్లు గంటన్నర దూరంలో ఉన్నారు.

ఎవరి నేలో తెలుసుకునే వరస ఇది. మొదట ‘నేటివ్ ల్యాండ్’ పటంలో పోస్టల్ కోడ్ కొట్టండి. అక్కడితో ఆగకండి, ఆ పటం హద్దులు సూచన మాత్రమే, ఒకే చోట నాలుగైదు పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. తర్వాత కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఒడంబడిక పాఠం తీసి చదవండి, చాలావరకు పది పేజీలు దాటదు. ఆ పైన ఆ నేషన్ సొంత వెబ్‌సైటు చూడండి. తమ పేరు ఎలా రాయాలో, ఏం చెప్పాలో వాళ్లే రాసి పెడతారు. ఈ మూడూ పొసగని చోట వాళ్ల మాటే రాయండి.

ఇంకొకటి. మూలవాసులకు కేటాయించిన నేల ‘రిజర్వు’ను తెలుగులో ‘రిజర్వేషన్’ అనొద్దు. మనవాళ్లకు వెంటనే కోటా తట్టి, చర్చ ఎక్కడికో పోతుంది. “వాళ్లకు ట్యాక్సులు లేవుగా” అన్నది కూడా అక్కడి నుంచే పుడుతుంది. ఇండియన్ యాక్ట్ 87వ సెక్షన్ మినహాయింపు స్టేటస్ ఉన్నవాళ్లకు, అంటే ఆ చట్టం కింద నమోదైనవాళ్లకు, రిజర్వు మీద ఉన్న ఆస్తికీ ఆదాయానికీ. టొరంటో ఆఫీసులో పనిచేసే క్రీ ఇంజినీరు జీతానికి మామూలుగా మీకు పడ్డట్టే పన్ను పడుతుంది. మెటీలకు (మూలవాసులకూ యూరోపియన్లకూ పుట్టిన సంతతి), ఇన్యూట్‌లకు (ఉత్తర ధ్రువ ప్రాంత ప్రజలు) ఆ సెక్షనే వర్తించదు. విందుల్లో ఈ మాట వచ్చినప్పుడు అక్కడికక్కడే సరిచేయడం ఒడంబడిక నేల మీద ఉన్నవాళ్ల పనే.

వాంకూవర్:

మా దగ్గర ఒడంబడిక అన్న మాటే వద్దు. వాంకూవర్ నేల మస్క్వియం, స్క్వామిష్, త్స్లేల్-వాటుత్ జనాలు ఎవరికీ రాసివ్వనిది. ‘వదులుకోని నేల’ అంటున్నాం. ‘ఆక్రమిత’ అనమన్నవాళ్లు ఉన్నారు, అదీ నిజమే.

ఉట్నూరు:

‘గిరిజన’ అంటే కొండల్లో ఉండేవాళ్లు. ఎడ్మంటన్ చుట్టూ ఉన్నది మైదానం. ‘తెగ’ కూడా తీసేయండి, ఒడంబడిక చేసుకునేది రెండు జాతులు, రెండు పాలనలు. వీలైనచోట వాళ్ల సొంత పేరు, లేనిచోట ‘మూలవాసులు’. ‘రెడ్ ఇండియన్’ పాత వాచకాలతోనే పోవాలి. ‘ఇండియన్’ అన్నది ఇండియన్ యాక్ట్ అనే చట్టం పేరులో మాత్రం తప్పదు.

మనవాళ్లు దీన్ని ‘వన్ ఆఫ్ సెవెంటీ’తో పోల్చేస్తుంటారు. 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ అది. ఏజెన్సీలో భూమి ఆదివాసీ కానివాళ్ల చేతికి పోతే చెల్లదంటుంది. చాలా విలువైన చట్టమే, కానీ ప్రభుత్వం ఒక్కటే చేసింది. ఎదుటి పక్షంతో కూర్చుని ఇచ్చిపుచ్చుకున్న మాట అందులో లేదు. రెంటికీ ఒకే పేరు పెట్టకండి.

సస్కటూన్:

‘వుయ్’ సంగతికి వస్తా. ఇంగ్లీషు దాచిపెట్టేదాన్ని తెలుగు బయటపెట్టక తప్పదు. వినేవాళ్లను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. క్రీలో కూడా ఇదే తేడా ఉంది, కియానవ్ అంటే మనం, నియనాన్ అంటే మేము. సభలో ఒక క్రీ పెద్దావిడ కూర్చుని ఉండగా “మేమంతా ట్రీటీ ప్రజలం” అన్నారనుకోండి, ఆమెను బయట నిలబెట్టినట్టే. “ఈ ఒడంబడిక మనందరిదీ” అనండి. ‘ఒడంబడిక ప్రజలు’ అన్న సమాసం తెలుగు చెవికి నప్పదు.

అయితే బాధ్యత చెప్పే వాక్యంలో మాత్రం ‘మేము’ రావాలి. నిలబెట్టుకోవలసిన మాట ఎక్కువగా మన పక్షానిది. “ఈ ఒడంబడిక మనందరిదీ. అందులో మా వంతు మేము నిలబెట్టుకోవాలి.” పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇది ఉత్త మర్యాద కాదు. 2021 నుంచి పౌరసత్వ ప్రమాణంలోనే మూలవాసుల ఒడంబడిక హక్కులను గుర్తించే రాజ్యాంగానికి కట్టుబడతామన్న మాట చేరింది. చెయ్యెత్తి పలికిన మాటే.

క్రీలో ఒడంబడికను అసొతమాతొవిన్ అంటారు, ఒకరికొకరు మాట ఇచ్చుకోవడం. ఆ మంతనాల్లో సూర్యుడు వెలిగినంతకాలం, నదులు పారినంతకాలం అన్న మాట నడిచింది. మన శాసనాల ‘ఆచంద్రార్కం’ అక్షరాలా అక్కడ కూర్చుంటుంది. శ్లోకం బదులు ఆ ఒక్క మాట వాడండి, ఎవరు ఎవరికిచ్చారన్న తికమక రాదు.

రాజమహేంద్రవరం:

బాగుంది. కాల్గరీ వారి అభ్యంతరం కూడా న్యాయమే, శ్లోకం ఉపసంహరించుకుంటున్నా. ఆచంద్రార్కం నిలవనివ్వండి.

ఎడ్మంటన్:

సవరించిన పాఠం (అమిస్క్వచీ వాస్కహికన్ ఎడ్మంటన్‌కు క్రీ పేరు, నేహియవక్ క్రీ ప్రజల సొంత పేరు): “మనం కూర్చున్న ఈ చోటు అమిస్క్వచీ వాస్కహికన్, ఎడ్మంటన్. నేహియవక్‌లు, ఇతర మూలవాసులు బ్రిటిష్ రాణి పక్షంతో ఆచంద్రార్కంగా చేసుకున్న ఆరవ ఒడంబడిక నేల ఇది. మెటీ ప్రజలకూ ఇది సొంత ఊరు. ఈ ఒడంబడిక మనందరిదీ. అందులో మా వంతు మేము నిలబెట్టుకుంటాం.” హాలు మిల్‌వుడ్స్‌లో. ఒక క్రీ పెద్దను పిలవాలనుకుంటున్నాం. పద్ధతి చెప్పగలరా?

కాల్గరీ:

మిల్‌వుడ్స్ అయితే ఒక వాక్యం చేర్చాలి. అది పాపస్‌చేస్ వారి రిజర్వు. 1877లో వాళ్లు ఆరవ ఒడంబడికలో చేరారు, సుమారు 40 చదరపు మైళ్లు కేటాయించారు. 1888లో ముగ్గురి గుర్తులతో దాన్ని రాయించుకున్నారు. వారసులు కోర్టుకెక్కితే, 2008లో సుప్రీంకోర్టు గడువు దాటిందంది. దక్షిణాసియా వాళ్ల ఇళ్లూ దుకాణాలూ కిక్కిరిసిన పేట అది. “ఈ హాలు పాపస్‌చేస్ రిజర్వు నేల మీద ఉంది” అని పేరు పెట్టి చెప్పండి.

పిలిచే పద్ధతి: మనం పసుపు కుంకుమ ఇచ్చి పిలిచినట్టు, వాళ్లను పొగాకు ఇచ్చి పిలుస్తారు. చిన్న పొట్లం, లేదా గుడ్డలో మూటకట్టిన విడి పొగాకు చాలు. సభరోజు కాదు, అడిగే రోజే. ఏం కోరుతున్నారో ముందు చెప్పి, తర్వాత పొగాకు చాపాలి. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే బలవంతం వద్దు. ఇన్యూట్‌లకు ఈ ఆచారం లేదు, మెటీల్లో ఇంటింటికీ మారుతుంది, అందుకని తెలిసినవాళ్లను కనుక్కోండి. సంభావన వేరే కవరులో అదే రోజు ఇవ్వాలి. సభ అయ్యాక ఫారాలు నింపమని ఇమెయిల్ చేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. రాకపోకల బండి, తోడు వచ్చేవాళ్లకు కుర్చీ, భోజనం చూడండి. సేజ్ ఆకు ధూపం వేస్తామంటే హాలు మేనేజరుకు ముందుగా చెప్పి పొగ అలారం ఆపించాలి, లేదంటే ప్రార్థన మధ్యలో ఫైరింజను వస్తుంది. ప్రార్థనప్పుడు ఫొటోలు వద్దు. వాళ్లు వేసుకున్నవి ‘వేషాలు’ అని మైకులో అనొద్దు, సంప్రదాయ దుస్తులు అనండి.

ముఖ్యంగా, నేల గురించిన ఈ నాలుగు మాటలు ఆయనతో చదివించకండి. అవి మీరు చెప్పవలసినవి. “ఈ నేలకు స్వాగతం” అనే హక్కు ఆయనది. మీరు “ఉగాది సభకు స్వాగతం” అనండి, చాలు.

సస్కటూన్:

పాఠంలో ఒక చిన్న దిద్దుబాటు. నేహియవక్‌లో ‘అక్’ అన్నదే బహువచనం, ‘నేహియవక్‌లు’ అంటే ‘లు’ రెండుసార్లు పడ్డట్టు. ‘నేహియవక్ ప్రజలు’ అని రాయండి. అమిస్క్వచీలో చీ దీర్ఘం, వాస్కహికన్‌లో వా దీర్ఘం. దీర్ఘాలు కుదిస్తే వాళ్ల చెవికి మాట మారిపోతుంది, మనకు ‘పాలు’, ‘పలు’ మారినట్టే. ‘చ’ను త్స్‌కీ చకీ మధ్య పలుకుతారు, మన ‘చల్ల’లో వినిపించే దంత్య చకారం దగ్గరగా ఉంటుంది. పిలిచిన పెద్దాయనకు పాఠం వారం ముందే పంపి, పేర్లు ఆయన నోట ఒకసారి వినండి.