పంచాయతీ ప్రగతి నివేదికలోని అంకెలు నిజమో కాదో ఎలా సరిచూడాలి?

పొలంగట్టు:
ఏపీలో చిన్న పంచాయతీ మాది. వచ్చే గ్రామసభలో పోయిన ఆర్థిక సంవత్సరం ప్రగతి నివేదిక చదువుతారట. కాపీ ముందే చేతికొచ్చింది, రెండు పేజీలు. సీసీ రోడ్లు 400 మీటర్లు, సైడు కాలువలు 250 మీటర్లు, కుళాయిలు నూటికి నూరు శాతం, కొత్త ఎల్‌ఈడీ దీపాలు 60, ఇంటి పన్ను వసూలు 92 శాతం అని రాశారు. ఏ పని ఏ నిధితో చేశారు, ఎంత ఖర్చయింది అన్నది ఎక్కడా లేదు. సభలో గొడవ పెట్టుకోవాలని లేదు, సరైన ప్రశ్నలు అడిగితే చాలు. ఏది ఎలా కొలవాలి, ఏ కాగితం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జమాఖర్చు:
ముందు నివేదిక పక్కన పెట్టి, నిధుల్ని విడదీయండి. అందులో కనీసం నాలుగు రకాల డబ్బు కలిసిపోయి ఉంటుంది.

మొదటిది సొంత ఆదాయం: ఇంటి పన్ను, నీటి పన్ను, షాపుల అద్దెలు, వేలంపాటలు. రెండోది 15వ ఆర్థిక సంఘం నిధులు. 2021-22 నుంచి 2025-26 వరకు వీటిలో 60 శాతం కట్టుబడి ఉన్న నిధులే, అంటే చెప్పిన పనికే వాడాలి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి పోవాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు పనికిరాదు. కాబట్టి "నీళ్ల డబ్బు మిగిలింది కదా, రోడ్డెందుకు వేయలేదు?" అని సభలో అడగకండి, కార్యదర్శి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. 40 శాతం దేనికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

మూడోది ఉపాధి హామీ. ఊళ్లో సీసీ రోడ్లు చాలావరకు దీని మెటీరియల్ వాటాతో, అంటే కూలి పోను సామగ్రికి పెట్టే డబ్బుతో వేసినవే. మెటీరియల్ 40 శాతం దాటకూడదు, అంటే కూలి పనులు జరిగిన మేరకే రోడ్డు. నాలుగోది జల్ జీవన్ మిషన్. ఆ కుళాయి పనులు చేసింది ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) శాఖ. ఈ రెండూ ఊరికి జరిగిన పనులే కాబట్టి నివేదికలో రాసుకోవడం తప్పు కాదు, కాకపోతే "పంచాయతీ చేసింది" అన్న పద్దు కింద కలిపేస్తే ఎవరి పనితీరేమిటో తెలియదు.

పంచాయతీల లెక్కలు పెట్టే ప్రభుత్వ సైట్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఆమోదించిన ప్రణాళిక, జమాఖర్చులు కనిపిస్తాయి. ప్రణాళికలో ఉన్న పనులు ఒక కాగితం మీద, డబ్బు చెల్లించిన పనులు ఇంకో కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి ఎక్కువగా కనిపిస్తే సభలో అదే మొదటి ప్రశ్న. ఉపాధి హామీ పనులు ఇక్కడ దొరకవు, వాటి పోర్టల్ వేరు.

గునపం:
సీసీ రోడ్డు సంగతి నేను చెప్తా. పొడవు దగ్గర మోసం తక్కువ, టేపు పెడితే బయటపడిపోతుంది. తేడా అంతా మందంలోనే.

లెక్క చూడండి. 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే 100 మీటర్లకు 45 ఘనమీటర్ల కాంక్రీటు. ఎం-20 మిక్స్‌కు (కాంక్రీటు గ్రేడు అది) ఘనమీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, అంటే 360 బస్తాలు. మందం 3 సెంటీమీటర్లు తగ్గితే 9 ఘనమీటర్లు, 72 బస్తాలు మిగిలిపోతాయి. మీ 400 మీటర్లకు ఎంతవుతుందో మీరే వేసుకోండి. మీ ఎస్టిమేటులో వెడల్పు, మందం, మిక్స్ వేరుగా ఉండొచ్చు, ముందు ఆ కాగితం చూసి ఆ అంకెలతోనే లెక్క కట్టండి.

మందం చూడాలంటే రోడ్డు పగలగొట్టక్కర్లేదు. అంచు పక్కన పోసిన గ్రావెల్‌ను (బర్మ్) గునపంతో జానెడు తవ్వితే పలక అడుగు కనిపిస్తుంది. ఒక్కచోట చూసి తీర్పు చెప్పేయకండి. అంచున పలక మందంగా, నడిమధ్య పలచగా పోసే అలవాటు కొందరికుంది. అనుమానం గట్టిగా ఉంటే క్వాలిటీ కంట్రోల్ వాళ్ల చేత కోర్, అంటే రోడ్డులోంచి గుండ్రటి కాంక్రీటు ముక్క, తీయించమని అడగాలి.

పైకి కనిపించే లోపాలు కూడా చాలా చెప్తాయి. చేత్తో రుద్దితే బూడిదలా పొడి రాలుతోందంటే నీళ్లు ఎక్కువ కలిపారు, లేదా క్యూరింగ్ చేయలేదు. కనీసం రెండు వారాలు తడిగా ఉండాలి. వంకరటింకరగా అడ్డ పగుళ్లు వచ్చాయంటే జాయింట్లు (పగుళ్లు రాకుండా రోడ్డుకు అడ్డంగా పెట్టే కోతలు) కోయలేదు, లేదా ఆలస్యంగా కోశారు. నాలుగు మీటర్లకు మించకుండా, పోసిన 24 గంటల్లోపే కోయాలి. కింద పాలిథిన్ షీటు వేయకపోతే ఎండిన నేల కాంక్రీటులోని నీటిని పీల్చేస్తుంది, అప్పుడు అడుగు భాగం గుల్లబారుతుంది.

కాలువల విషయంలో మీటర్లు అడగడం దండగ. పై చివర నాలుగు బిందెల నీళ్లు పోసి, కింది చివర ఎక్కడ తేలతాయో చూడండి. చివర చెరువో, వాగో, ఇంకుడు గుంతో లేకపోతే అది కాలువ కాదు, దోమల తొట్టి.

పొలంగట్టు:
చాలా ఉపయోగం సర్. ఇంకొకటి. కుళాయిలు నూరు శాతం అన్నారు, పైపులు మాత్రం ప్రతి ఇంటికీ ఉన్నాయి. మరి దీన్ని ఎలా చూడాలి? రోడ్లు వేసిన రెండు వీధుల్లో పైపు కోసం మళ్లీ తవ్వారు కూడా.

చివరి కుళాయి:
పైపు ఉండటం వేరు, నీళ్లు రావడం వేరు. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు కావాలి. రోజుకు గంటసేపే నీళ్లు వదిలితే 15 లీటర్ల బకెట్ దాదాపు 4 నిమిషాల్లో నిండాలి. ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా, ఎత్తులో ఉన్న ఇంట్లో చూడండి. ట్యాంకు పక్కింట్లో ఎప్పుడైనా బాగానే వస్తాయి. చివరింటికి రాకపోతే ముందు వాల్వుల టైమింగ్ అడగండి, తర్వాత మధ్యలో ఎంతమంది నేరుగా కుళాయికి మోటార్లు బిగించారో చూడండి. నూటికి ఎనభై వంతులు జబ్బు అక్కడే ఉంటుందని నా అభిప్రాయం. అది పంచాయతీ నోటీసులతో పోయేదే గానీ, కొత్త పైపులైనుతో పోదు.

తర్వాత క్లోరిన్. పంచాయతీలో క్లోరోస్కోప్ (నీటిలో క్లోరిన్ చూసే చిన్న పెట్టె) ఉండాలి. చివరి కుళాయి నీళ్లు గొట్టంలో గీత వరకు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగుల చట్రంతో వెంటనే పోల్చాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు తగ్గకూడదు. రంగు రాలేదంటే బ్లీచింగ్ వేయలేదని మాత్రమే కాదు, వేసిన పౌడరు పాతదైనా అంతే. మూట విప్పి తడి తగిలేలా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే 60 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదుకి 480 గ్రాములు పడుతుంది. ఏడాదికి నింపిన ట్యాంకుల సంఖ్యను ఒక ట్యాంకుకు పట్టే పౌడరుతో గుణించి, కొన్న కిలోలతో పోల్చి చూస్తే రిజిస్టరు నిజమో కాదో తెలుస్తుంది.

రోడ్డు తవ్విన విషయం: పైపు, కాలువ, ఆ తర్వాతే రోడ్డు. వరస తప్పింది. తవ్వినచోట రోడ్డు బాగుచేసే డబ్బు పైపులైను ఎస్టిమేటులో ఉందా అని ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని) అడగండి. ఉంటే ఆ పని చేయాల్సింది కాంట్రాక్టరే, పంచాయతీ ఖర్చు పెట్టకూడదు.

జమాఖర్చు:
దీపాల గురించి ఒక్కమాట. 60 దీపాలు పెట్టామనడం గొప్ప కాదు, వీధి దీపాలకే విడిగా మూడో వైరు లాగి ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టారా అడగండి. లేకపోతే పట్టపగలు వెలుగుతాయి, ఆ కరెంటు బిల్లు పంచాయతీ నెత్తినే.

పన్ను 92 శాతం అంటే డీసీబీ రిజిస్టరు చూడాలి: డిమాండు, వసూలు, బకాయి. ఈ ఏడాది డిమాండు మీదే శాతం కట్టి, పాత బకాయిలు వదిలేస్తే ఎవరికైనా 90 దాటుతుంది. పాతబాకీ కలిపి ఎంత శాతమో చెప్పమనండి.

అర్జీదారు:
కాగితాలకు దారి ఇది. 1994 పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం జమాఖర్చుల పట్టీ, ఆడిట్ రిపోర్టు, గడిచిన ఏడాది పరిపాలన నివేదిక గ్రామసభ ముందు పెట్టాలి. ముందు నోటితో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఏపీలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు.

"ఎందుకు చేయలేదు" అని రాస్తే జవాబు రాదు. కాగితం పేరు రాయాలి: ఫలానా వీధి సీసీ రోడ్డు ఎస్టిమేటు, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్లు, చెల్లింపు ఓచర్లు, క్వాలిటీ రిపోర్టు. ఒక దరఖాస్తులో రెండు మూడు పనులు చాలు. పాతిక పనులు ఒకేసారి అడిగితే జిరాక్స్ ఖర్చు మీకే తిరిగొస్తుంది. పనిని స్వయంగా పరిశీలించి నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో 2(జె) కింద ఉంది, దరఖాస్తులో ఆ సంగతి విడిగా రాయండి.

పొలంగట్టు:
ఎం-బుక్‌లో ముఖ్యంగా ఏం చూడాలి?

గునపం:
కొలత తీసిన తేదీ, పొడవు వెడల్పు మందం విడివిడిగా, కింద ఇంజనీరు సంతకం, ఆపైన డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) మళ్లీ కొలిచి సరిచూసినట్టు చెక్ కొలత సంతకం. రోడ్డు పోసిన తేదీకన్నా ముందు తేదీతో కొలత ఉంటే ఆ పేజీ నకలు జాగ్రత్తగా దాచుకోండి. మొత్తం రోడ్డంతా ఒకే మందం, ఎక్కడా సెంటీమీటరు అటూ ఇటూ లేకుండా రాసి ఉన్నా అనుమానించాలి. నేల మీద తీసిన కొలతలు అంత చక్కగా రావు.