‘ఆటోగోల్పె’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: 1992లో పెరూ అధ్యక్షుడు ఆల్బెర్టో ఫుజిమోరి పదవిలో ఉంటూనే చట్టసభను మూసేసి అధికారమంతా చేతిలోకి తీసుకున్న పనిని స్పానిష్‌లో ‘ఆటోగోల్పె’ అంటారు. ఒక వ్యాసంలో ‘స్వీయ తిరుగుబాటు’ అని రాశాను కానీ ఎబ్బెట్టుగా ఉంది. మంచి మాట చెప్పగలరా?

జవాబు: తిరుగుబాటు అంటే కిందివాడు పైవాడి మీద తిరగబడటం కదండీ. మన్యంలో అల్లూరి చేసింది తిరుగుబాటు. ఫుజిమోరి ఎవరి మీద తిరగబడ్డాడు? అప్పటికే దేశాధ్యక్షుడు. 1990 ఎన్నికల్లో పేరున్న రచయిత మారియో వర్గాస్ యోసాను ఓడించి, జనం ఓట్లతో న్యాయంగా గెలిచినవాడు.

1992 ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి టీవీలో కనిపించి, కాంగ్రెస్‌ను (అంటే పెరూ పార్లమెంటును) ‘తాత్కాలికంగా రద్దు’ చేస్తున్నానని ప్రకటించాడు. రాజధాని లిమా వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. పార్లమెంటు భవనాన్ని సైన్యం చుట్టుముట్టింది. జర్నలిస్టు గుస్తావో గోరిట్టిని ఇంట్లోంచి పట్టుకుపోయారు. తర్వాత జడ్జీలనూ పెద్ద ఎత్తున తీసేశారు.

‘గోల్పె’ అంటే దెబ్బ. అలాగని ‘స్వయం దెబ్బ’ అంటే తనను తానే కొట్టుకున్నట్టు ఉంటుంది. నా ఓటు ‘కబ్జా’కి. సొంత ప్లాటుకు పక్కా కాగితాలు ఉన్నవాడే కంచె జరిపి పక్క ప్లాటు కలుపుకున్నట్టు, తన కుర్చీ తనకుండగానే చట్టసభనూ కోర్టులనూ కలుపుకున్నాడు. అందుకే ‘అధ్యక్షుడి అధికార కబ్జా’ అనొచ్చు. పల్లెలోనైనా పట్నంలోనైనా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మీ వ్యాసంలో ‘రద్దు’ అని కూడా వాడి ఉంటారు, దాన్నీ ఒకసారి చూసుకోండి. 2018లో తెలంగాణ అసెంబ్లీ రద్దయింది. ముందస్తు ఎన్నికల కోసం రాజ్యాంగం ప్రకారం చేసిన పని అది. మన చెవికి రద్దు అంటే అదే. పెరూ 1979 రాజ్యాంగంలో అధ్యక్షుడు దిగువ సభను మాత్రమే రద్దు చేయగలడు, అదీ ఆ సభ మూడు మంత్రివర్గాలను దించేసిన తర్వాతే. సెనేట్ జోలికి అసలు పోకూడదు. ఫుజిమోరి రెండింటినీ మూసేశాడు. ‘కాంగ్రెస్‌ను మూయించాడు’ అని రాయండి, పెరూ జనం కూడా మామూలుగా అలాగే అంటారు. ఆ ‘తాత్కాలికం’ కూడా ఉత్తిదే. ఆ సభలు మళ్లీ కూర్చోలేదు. నవంబరులో 80 మందితో కొత్త సభకు ఎన్నిక పెట్టి, 1993లో కొత్త రాజ్యాంగం తెచ్చి, అధ్యక్షుడు వెంటనే మళ్లీ పోటీ చేసే వీలు కల్పించుకున్నాడు.

ప్రశ్న: కబ్జా బాగుంది. కానీ అప్పట్లో జనం చాలామంది ఆయన్ని మెచ్చుకున్నారుగా? కబ్జాదారును ఎవరూ మెచ్చుకోరు.

జవాబు: మెచ్చుకున్నారు, నిజమే. ధరలు ఆకాశాన్నంటి, ‘షైనింగ్ పాత్’ గెరిల్లాల బాంబులతో బతుకులు కుదేలైన రోజులవి. ఎవరో ఒకరు గట్టిగా పట్టించుకుంటే చాలనుకున్నారు, వాళ్లను తప్పుపట్టలేను. అయితే అడిగే సభ, ఆపే కోర్టు లేకపోతే ఏమవుతుందో మూడు నెలలకే తెలిసింది. జులై 18న సైనిక దళం ఒకటి లా కాంటూటా విశ్వవిద్యాలయం నుంచి తొమ్మిది మంది విద్యార్థులనూ ఒక ప్రొఫెసర్‌నూ ఎత్తుకెళ్లి చంపేసింది. ఆ కుటుంబాలు ఎన్నో ఏళ్లు తిరిగాయి. 2009లో ఆ కేసుతో పాటు మరికొన్నింట్లో ఫుజిమోరికి 25 ఏళ్ల జైలు పడింది. జనం మెచ్చారని మాట మెత్తబడకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: 2022 డిసెంబరు 7న అప్పటి పెరూ అధ్యక్షుడు పెద్రో కాస్తిల్యో కూడా టీవీలో ఇదే ప్రకటన చేశాడు. సైన్యం తోడు రాలేదు, కాంగ్రెస్ ఆయన్ని తీసేసింది, ఆ రోజే అరెస్టయ్యాడు. దాన్నేమనాలి?

జవాబు: ‘కబ్జా యత్నం’. పేపర్లో హెడ్డింగుకీ సరిపోతుంది.