వేసవి ఇంటర్న్‌షిప్ వెంట పడటం అవసరమా?

సెమికోలన్: రెండో సంవత్సరం అయిపోవస్తోంది, సాఫ్ట్‌వేర్ వైపు. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం కనబడిన చోటల్లా అప్లై చేయడం మేలా, ఆ రెండు నెలలూ సొంత ప్రాజెక్టు మీద కూర్చోవడం మేలా?

పాతకోడ్: ఇంటర్న్‌షిప్పే. సొంత ప్రాజెక్టులో మీ కోడ్‌కి వంకలు పెట్టేవాళ్లు ఉండరు. కంపెనీలో మొదటి పుల్ రిక్వెస్ట్‌కే (మీ మార్పుని అసలు కోడ్‌లో కలపమని పంపే వినతి) కామెంట్ల వాన: టెస్ట్ ఏది, ఈ క్వెరీ లూప్ లోపల ఎందుకుంది, 100 రికార్డులుంటే డేటాబేస్‌కి 100 సార్లు వెళ్తావా అని. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదివి, మిగతాది చెడగొట్టకుండా నాలుగు లైన్లు మార్చడం ఇంట్లో ఒక్కరే కూర్చుంటే అబ్బదు.

ఖాళీస్లాట్: వంకలు పెట్టే మనిషి దొరికితే కదండీ! 8 వారాల్లో అకౌంట్లు, పర్మిషన్లు చేతికొచ్చి, ప్రాజెక్టు మీ మెషీన్‌లో బిల్డ్ అయ్యేసరికే వారం పైన పోతుంది. ఆఖరి వారం ప్రజెంటేషన్‌కే సరి. మధ్యలో మెంటర్ సెలవు పెడితే ఇంకో వారం గోవిందా. చేసిన పనేమో గోప్యత ఒప్పందం కింద ఉంటుంది, బయట చూపించలేరు. అదే ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో అయితే మీ కోడ్, దానిమీద వచ్చిన రివ్యూ, మీరిచ్చిన జవాబు అన్నీ అందరికీ కనబడతాయి. కొత్తవాళ్లతో అలాంటి ప్రాజెక్టుల్లో మెంటర్ల కింద పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, స్టైపెండ్ కూడా ఇస్తారు.

పాతకోడ్: ఇస్తారు, ఎంపికైతే. ఉత్త ప్రపోజల్‌తో పని జరగదు. అంతకుముందే ఆ ప్రాజెక్టులో రెండు మూడు చిన్న బగ్‌లు సరిచేసి మెంటర్ల కంట్లో పడాలి. సెలవులు మొదలయ్యాక గుర్తొస్తే అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది.

డ్రాఫ్ట్‌మెయిల్: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మీ పనిని రోజూ చూసే మనిషి ఉన్నారా లేదా, తేడా అక్కడే. ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి: నా మెంటర్ ఎవరు, ఆయన కింద ఇంకెంతమంది ఇంటర్న్‌లు? "వచ్చాక చూద్దాం" అన్నారంటే టెస్ట్ డేటా ఎక్సెల్‌లో ఎక్కించే పనే మిగులుతుంది. ఎదురు డబ్బు కట్టమంటే అది ఇంటర్న్‌షిప్ కాదు, సర్టిఫికెట్ల వ్యాపారం.

వందచోట్ల ఒకే రెజ్యూమే పారేయడం కూడా దండగే. పెద్ద కంపెనీలు నెలల ముందే ఎంపిక ముగించేస్తాయి. చిన్న టీములకైతే నేరుగా మెయిల్ రాయొచ్చు: 100 పదాలు మించకుండా, వాళ్ల ప్రోడక్ట్ వాడి చూసి గమనించిన లోపం ఒకటి, మీ కోడ్‌కి లింకు ఒకటి. ఆ లింకు తెరిస్తే రీడ్‌మీ (ప్రాజెక్టు ఏంటో చెప్పే ఫైలు) ఖాళీగా ఉందా, అంతే సంగతులు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు.

సెమికోలన్: స్టైపెండ్ లేకపోతే?

ఖాళీస్లాట్: అయితే వద్దు. డబ్బు పెట్టని చోట మెంటర్ టైము మాత్రం పెడతారా?

డ్రాఫ్ట్‌మెయిల్: అన్నిచోట్లా కాదు. ప్రొఫెసర్ ల్యాబ్‌లో డబ్బు రాకపోయినా వారం వారం కూర్చోబెట్టి చూస్తారు, పై చదువులకు సిఫార్సు లేఖ వస్తుంది. ఎక్కడ చేరినా ఏ శుక్రవారం పని ఆ శుక్రవారమే రాసుకోండి: ఏం మార్చారు, ముందు ఎన్ని సెకన్లు పట్టేది, ఇప్పుడెంత. బయటికొచ్చాక ఆ సిస్టమ్‌లోకి లాగిన్ ఉండదు. ఆ అంకెల్లో రెజ్యూమేలో ఏవి రాయొచ్చో ఆఖరి వారంలోనే మేనేజర్‌ని మెయిల్‌లో అడిగి ఉంచుకోండి.