మా ఇంట్లో అందరూ దెయ్యాల కోసం వెతుకుతారు, నేను చూసింది ఎవరికి చెప్పాలి?

కిటికీ పక్క సీటు:

నాకు 15 ఏళ్లు. మా నాన్న, మా అత్త కలిసి దెయ్యాలున్నాయని చెప్పే ఇళ్లకు వెళ్లి, రాత్రంతా అక్కడే కూర్చుని రికార్డ్ చేస్తుంటారు. డబ్బులు తీసుకోరు, ఎవరినీ భయపెట్టరు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, వినగానే అందరూ మోసగాళ్లనే అనుకుంటారు. థర్మామీటర్, వాయిస్ రికార్డర్, ఒక లావుపాటి నోటుబుక్కు, అంతే వాళ్ల సామాను. మా నానమ్మ పోయాక మొదలైంది ఇదంతా. ఆవిడ దగ్గు వినిపించిందని నాన్న ఒకరోజు రాత్రి లేచి కూర్చున్నారు, అప్పటినుంచీ ఆయన వెతుకుతూనే ఉన్నారు.

శని, ఆదివారాలు నన్నూ తీసుకెళ్తారు. రికార్డర్ పట్టుకోవడం నా పని. చిన్న ఎర్ర లైటు వెలుగుతుంటుంది, దాన్నే చూస్తూ కూర్చోవాలి. దగ్గొస్తే "దగ్గింది నేనే" అని టైముతో సహా చెప్పాలి, లేకపోతే తర్వాత వినేటప్పుడు ఇంకేదో అనుకుంటారు. సోమవారం మొదటి పీరియడ్ మ్యాథ్స్. మూడు వారాలుగా ఆ క్లాసులో ఏం చెప్పారో నాకు తెలీదు, బెంచీ మీద తలపెట్టి నిద్రపోతున్నాను. సంగతి క్లాసులో తెలిసిపోయింది. ఇప్పుడు నేను లోపలికి రాగానే ఎవరో ఒకరు లైట్లు ఆపేస్తారు.

అసలు విషయం ఇది కాదు. రెండు వారాల కిందట, మా ఇంట్లో, నా మంచం మీదే, తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కదల్లేకపోయాను. గొంతు పెగల్లేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నంత బరువు. బీరువా పక్కన పొడుగ్గా ఒక మనిషి నిలబడి ఉన్నాడు, ముఖం లేదు. కాసేపటికి ఏమీ లేదు, బీరువా మాత్రమే ఉంది.

నాన్నకు చెప్తే వెంటనే నోటుబుక్కు తీస్తారు. అమ్మకు చెప్తే నాన్నతో గొడవ పడుతుంది. స్కూల్లో చెప్తే ఇంకేముంది. ఎవరికి చెప్పినా అది నా భయంగా మిగలదు, వాళ్లకు కావలసిన కథ అయిపోతుంది. పైగా సైన్స్ టీచర్ "ప్రాజెక్ట్ మీ ఇంటి విషయం మీదే చెయ్యరాదూ" అన్నారు, నిజంగా అన్నారో ఎగతాళికి అన్నారో తెలీట్లేదు. నేను చూసింది ఏంటి? ఎవరికి చెప్పాలి?

రాత్రి డ్యూటీ:

చెల్లీ, ఈ అనుభవం నాకు చాలాసార్లు అయింది, నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. తెలుగులో నిద్ర పక్షవాతం అని రాస్తారు గానీ ఆ పేరు చూసి హడలిపోకు, మామూలుగా మనం పక్షవాతం అనే జబ్బుకీ దీనికీ సంబంధం లేదు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు మన కండరాలను వదులు చేసేసి కదలకుండా ఉంచుతుంది, కలలో పరిగెడుతున్నా మంచం దిగకుండా పడుకుని ఉండేది అందుకే. ఒక్కోసారి మెలకువ తొందరపడి ముందే వచ్చేస్తుంది, కండరాల ఆ వదులు మాత్రం ఇంకా పోదు. కళ్లకు గది కనిపిస్తుంటుంది, కల కూడా నడుస్తూనే ఉంటుంది. గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించడం, ఛాతీ మీద బరువు, రెండూ ఇందులో చాలామందికి ఎదురయ్యేవే. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే పోతుంది.

నిద్ర తక్కువైనా, పడుకునే వేళలు అటూ ఇటూ అయినా, వెల్లకిలా పడుకున్నా వచ్చే అవకాశం ఎక్కువ. మొదటి రెండూ నీకు ప్రతి వారం జరుగుతున్నాయి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. మళ్లీ వస్తే లేవాలని పెనుగులాడకు, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ కాలి బొటనవేలు ఒక్కటి కదపడానికి చూడు, నాకు అదే పనిచేసింది. తరచుగా వస్తున్నా, సరిపడా నిద్రపోయాక కూడా పగలు నిద్ర ఆగకపోయినా డాక్టర్‌కు చూపించుకోవాలి.

సూటిగా:

దెయ్యాల్లేవు. మీ నాన్నగారికి ముఖం మీదే చెప్పెయ్, చదువు పాడవుతోందని. ఇంతకన్నా చెప్పడానికేముంది?

మధ్యగది:

పైన రాసినవాళ్లు తొందరపడ్డారు. ఆ నాన్నగారు తల్లి దగ్గు విన్నారు, అది మర్చిపోవద్దు. వేల్స్‌లో రీస్ అనే డాక్టర్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఒక వ్యాసం ప్రచురించాడు. వాళ్లలో దాదాపు సగం మంది, పోయిన మనిషి తమ దగ్గరే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, గొంతు విన్నామనో చెప్పారు. ఎక్కువమంది అంతకుముందు ఆ మాట ఎవరితోనూ అనలేదట. మా నాన్న పోయాక మా అమ్మ రోజూ సాయంత్రం గేటు చప్పుడైందని లేచేది. మేము "ఏమీ లేదమ్మా, కూర్చో" అనేవాళ్లం. కొన్నాళ్లకు లేవడం మానేసింది, మాతో చెప్పడం కూడా మానేసింది. మేము అప్పుడు "ఎలా వినిపించింది?" అని ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే తల్లీ, నిన్ను రాత్రుళ్లు కూర్చోబెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. 1848లో అమెరికాలో ఫాక్స్ కుటుంబంలో ఇద్దరు చిన్న అక్కచెల్లెళ్లు, ఇంట్లో ఆత్మలు తట్టి జవాబిస్తున్నాయన్నారు. పెద్దవాళ్లు నమ్మి వాళ్లను వేదికల మీదికి ఎక్కించారు. 40 ఏళ్ల తర్వాత, 1888లో, వాళ్లలో మార్గరెట్ ఆ చప్పుళ్లు మా కాలివేళ్ల కీళ్లవే అని జనం ముందు చెప్పింది, మరుసటి ఏడాది ఆ మాటా వెనక్కి తీసుకుంది. మీ వాళ్లు అలాంటివాళ్లు కాదని నాకు అర్థమైంది. కానీ పిల్ల అన్న మాటని పెద్దవాళ్లు ఎత్తుకుపోతే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూడు. నువ్వు చెప్పేటప్పుడు ముందే అను, "ఇది రాయొద్దు, వినండి చాలు" అని.

ల్యాబ్ కోటు:

ప్రాజెక్ట్ తప్పకుండా చెయ్. టీచర్ ఏ ఉద్దేశంతో అన్నా సరే, అది మంచి ప్రాజెక్టే. విక్ టాండీ అనే ఇంగ్లండ్ ఇంజనీరుకు తను పనిచేసే ల్యాబ్‌లో ఒళ్లు చల్లబడటం, కంటి చివర బూడిదరంగు ఆకారం కదలడం అనుభవమైంది. తిరిగి చూస్తే మాయం. మర్నాడు ఫెన్సింగ్ పోటీ కోసం తెచ్చుకున్న కత్తిని వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప పనిముట్టు) బిగిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే దాని అంచు ఊగుతోంది. వెతికితే కొత్తగా పెట్టిన ఫ్యాన్ నుంచి సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దం వస్తోందని తేలింది. మన చెవికి మామూలుగా 20 కంటే తక్కువ వినపడవు. ఆ వినపడని శబ్దమే తనకు అలా అనిపించడానికి కారణమై ఉండొచ్చని 1998లో పేపర్ వేశారు. ప్రతి ఇంటికీ ఇదే కారణమని కాదు. నాకు నచ్చేదల్లా, ఆయన భయపడిన మర్నాడు కూడా అదే గదికి వెళ్లి కత్తి వంక చూశాడు. మీ నాన్న నోటుబుక్కులో టైము, ఉష్ణోగ్రత, ఎవరు ఎక్కడున్నారు అన్నీ ఉంటాయిగా, అది సగం ప్రాజెక్ట్.

ఇంకోటి, ఇది ప్రాణాలకు సంబంధించింది. మూసేసిన పాత ఇళ్లలో, హీటరో ఇంకేదో మండుతున్నచోట అందరికీ కలిసి తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే వెంటనే బయటికొచ్చేయండి. అలాంటిచోట పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. 1921లో ఒక కళ్ల వైద్యుల పత్రికలో వచ్చిన కేసు ఇది: అడుగుల చప్పుళ్లు, ఆకారాలు అంటూ వణికిపోయిన కుటుంబం ఇంట్లో ఇల్లు వెచ్చబెట్టే పాడైన కొలిమి నుంచి ఆ వాయువు లీకవుతోంది.

కిటికీ పక్క సీటు:

అందరికీ థ్యాంక్స్ అండి. నిన్న అత్తకు చెప్పాను. రాయొద్దు అని ముందే అన్నా, ఆమె చేతివంకే చూస్తూ చెప్పాను. పెన్ను పక్కన పెట్టేసింది. అంతా విని, "నీ వయసులో నాకూ ఇలాగే వచ్చేది, మీ నాన్నకు ఇప్పటిదాకా చెప్పలేదు" అంది. తర్వాత ఇద్దరం కలిసి నాన్న దగ్గరికెళ్లాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత అడిగింది ఒకటే, "భయమేసినప్పుడు నన్నెందుకు లేపలేదు?" అని. నాకు ఏడుపొచ్చింది.

రాత్రి పనులకు ఇక నేను వెళ్లను. రికార్డర్ మాత్రం నాకిచ్చారు, ప్రాజెక్ట్ కోసం. సాయంత్రం మా వరండాలో పెట్టి గంటసేపు రికార్డ్ చేశాను. రెండుసార్లు దగ్గాను, రెండూ టైముతో రాసుకున్నాను.